హేమకి పర్మిట్టు ఎవలిచ్చారు?

గవర్రాజుకి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళు పడిపోతారేమోనని భయం. తను పడిపోతానన్న భయం మాత్రం బొత్తిగా లేదు. ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ డిపార్టుమెంటులో ఉద్యోగం కాబట్టి ఆ భయానికి జీతం కూడా ఇచ్చేవారు. పగలంతా అక్కడ జీతానికి భయపడి, సాయంత్రం మల్కాపురంలో బస్సు దిగాక ఊరికే భయపడేవాడు.

ఎవరింట్లోనైనా స్టూలెక్కి బల్బు మారుస్తుంటే చాలు, వీధిలో పోతున్నవాడు పోతున్నట్టే లోపలికొచ్చి స్టూలు పట్టుకునేవాడు. వాళ్ళెవరో ఇతనికి తెలియదు, ఇతనెవరో వాళ్ళకి తెలియదు. బల్బు వెలిగాక ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉలిక్కిపడేవారు. పెళ్ళిలో తాళి కట్టేవేళ అందరూ అక్షింతలు పట్టుకుంటే, దీపం అంటుకుంటుందేమోనని గవర్రాజు పెళ్ళికూతురి కొంగు పట్టుకునేవాడు. ఒకసారి మగపెళ్ళివారు దాన్ని ఇంకోరకంగా అర్థం చేసుకున్నారు. ఆ గొడవ సర్దడానికి కొండలరావు వెళ్ళాల్సి వచ్చింది.

కొండలరావు పోర్టులో గుమాస్తా. మల్కాపురంలో ‘కెరటం నాటక సమాజం’ అతనిదే. అందులో రచయిత, దర్శకుడు, ప్రతినాయకుడు అన్నీ తనే. గవర్రాజు అక్కడ ప్రాంప్టరు. అంటే తెర పక్కన నిలబడి నటులు మరిచిపోయిన మాట గుసగుసగా అందించేవాడు. గవర్రాజు గుసగుస చివరి వరసదాకా వినపడేది. మెడలో ఎప్పుడూ ఈల ఉండేది. ప్రమాదం వాసన తగిలితే అది దానంతటదే నోట్లోకి వెళ్ళిపోయేది.

ఇన్ని లక్షలమంది ఉన్న విశాఖపట్నంలో గవర్రాజు అందరికంటే ఎక్కువగా ఎవరి గురించి భయపడేవాడంటే, అసలు పుట్టనే లేని ఒక ఇంగ్లీషు పిల్ల గురించి. ఆవిడ పేరు హెన్రియెట్టా.

తొంభై ఒకటిలో జగదాంబ దగ్గర పేవ్‌మెంటు మీద కొండలరావుకి ఒక పాత ఇంగ్లీషు నవల దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అందుచేత దాని పేరేమిటో, రాసిన మహానుభావుడెవరో ఎవరికీ తెలియదు. రెండొందల ఏళ్ళనాటిదని మాత్రం కాగితం వాసన చెప్పింది. కథ ఏమిటంటే, తల్లీతండ్రీ లేని హెన్రియెట్టాని ఒక ప్రభువు పెళ్ళాడి కొండ మీది కోటకి తెస్తాడు. కోట గోపురంలోంచి మూలుగు వినిపిస్తూ ఉంటుంది. ఆస్తికి అసలు హక్కుదారుడైన అన్నగారిని ప్రభువు అక్కడ గొలుసులేసి దాచాడు. గాలీవానా మొదలైన ఒక సాయంత్రం ఆ పిల్ల కొవ్వొత్తి పట్టుకుని ఒంటరిగా గోపురం మెట్లెక్కుతుంది. కొండలరావు ఆ కోటని తెచ్చి భీమిలి కొండ మీద పెట్టాడు, ప్రభువుని జమీందారుని చేశాడు, హెన్రియెట్టాకి హేమ అని పేరు పెట్టాడు.

సమాజం వాళ్ళందరినీ కూర్చోబెట్టి కథ చదువుతున్నాడు. హేమ మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, ఈల మోగింది.

“ఏటి బావా?” అన్నాడు కొండలరావు.

“ఆగు. పిల్ల ఒక్కర్తీ ఎల్తందా?” అన్నాడు గవర్రాజు.

“ఒక్కర్తే.”

“ఎవలికీ సెప్పకుండా?”

“సెప్పీసి ఎల్తే ఇంక నాటకమేటుంటాది?”

“సేతిలో మంట. ఒంటిమీద నేలకీడ్చే బట్ట. మెట్లకి రెయిలింగుందా?”

“రాయనేదు.”

“ఉంటే రాసుందురు. నేదన్నమాట. బావా, ఇది ఎత్తు మీద పని. మా కాడ నిచ్చెనెక్కాలంటే ఆఫీసరు సంతకం పెట్టిన పర్మిట్టుండాల. మరి హేమకి పర్మిట్టు ఎవలిచ్చారు?”

కొండలరావు పుస్తకం మూసేశాడు. ఆ క్షణం నుంచి అతనికి ఒక దిగులు పట్టుకుంది. అతని జీవితంలో కోరిక ఒక్కటే. హేమ ఆ మెట్లెక్కుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టాలి. చివరి వరసలో పల్లీలు నమిలేవాడున్నాడే, ఏ నాటకానికీ ఎప్పుడూ నమలడం ఆపనివాడు, వాడు నమలడం ఆపాలి. ఆ ఒక్క సీను పండితే ఇంక ప్రైజు రాకపోయినా పర్వాలేదనుకున్నాడు. కానీ తెర పక్కన మెడలో ఈలతో గవర్రాజు ఉంటే సీను ఎలా పండుతుందో అతనికి అంతుపట్టలేదు. తీసేద్దామంటే, అంతకుముందున్న ప్రాంప్టరు మొదటి అంకంలోనే నిద్రపోయేవాడు.

మొదటిసారి హేమ వేషం ఉమామహేష్ వేశాడు. వస్తానన్న నటి ఇంకో ఊరి పోటీలకి వెళ్ళిపోవడంతో, పోర్టులోనే పనిచేసే ఉమామహేష్ పెళ్ళాన్ని బతిమాలుకుని మీసం తీయించుకున్నాడు. కళ్ళజోడు కూడా తీయించాడు కొండలరావు. కళ్ళజోడు పెట్టుకున్న హేమని చూసి ఎవరు జాలిపడతారు? రిహార్సల్స్ అన్ని రోజులూ గవర్రాజు ఒకటే పోరు.

“ఒక్క కొవ్వొత్తి సాలదు బావా. వెలుతురు తక్కువైతే మెట్టు తప్పీస్తాది.”

“వెలుతురెక్కువైతే నాటకం తప్పీస్తాది.”

నాటకం రోజు హేమ మెట్ల దగ్గరికొచ్చింది. గాలి శబ్దం, ఉరుము శబ్దం. ఇంతలో స్టేజీ మీద ఉన్న లైట్లన్నీ భళ్ళున వెలిగాయి. అవి చాలవన్నట్టు మెట్ల పొడుగునా కట్టిన సీరియలు బల్బులు ఎరుపూ ఆకుపచ్చా మిణుకుమిణుకుమన్నాయి. హేమ హాయిగా నడుచుకుంటూ పైకెళ్ళిపోయింది. చివరి వరసలోంచి ఎవరో “పెళ్ళెప్పుడండీ?” అని అడిగారు. హాలు గొల్లుమంది. పల్లీలవాడు నవ్వుతూ నమిలాడు.

రెండోసారి కొన్నేళ్ళ తర్వాత రేడియోకి రాశాడు. హేమ గొంతు బళ్ళో టీచరు గంగాభవాని గారిది. కొండలరావు ప్రాణానికి కొంచెం తెరిపి వచ్చింది. రేడియోలో మెట్లు లేవు, పడటానికి చోటు లేదు, గవర్రాజు భయపడటానికి కారణం లేదు. పాపం ఊరికే కూర్చోబెట్టడమెందుకని అడుగుల చప్పుడు చేసే పని అతనికే ఇచ్చాడు. చెక్క మీద బూటుకాలితో టక్కు టక్కుమనిపించాలి, అంతే.

“ఎవరక్కడ?” అంది హేమ. టక్, టక్, టక్, టక్. ఇంకా టక్, టక్. “ఆ మూలుగు...” టక్, టక్, టక్. “...ఎవరిది?” మళ్ళీ టక్, టక్. కొండలరావు సైగలు చేశాడు, కళ్ళెర్రజేశాడు, చివరికి రెండు చేతులూ జోడించాడు. గవర్రాజు చెక్క వైపే చూస్తూ కొండెక్కుతున్నాడు. నాటకం వచ్చిన రోజున కిళ్ళీకొట్టు దగ్గర రేడియో చుట్టూ పది మంది చేరారు. వాళ్ళలో ఒకాయన మధ్యలో వెళ్ళిపోయి తిరిగొచ్చి, “ఇంకా ఎక్కతందేటి? నాను టీ తాగీసి వచ్చినాను. ఇంతసేపటికి సింహాచలం కొండెక్కీసి దర్సనం సేసుకుందును,” అన్నాడు. ఆ మాట విన్నాక కొండలరావు గవర్రాజుతో చాలాకాలం మాట్లాడలేదు. ప్రాంప్టింగు కోసం మళ్ళీ మాట్లాడాడు.

మూడోసారి రెండువేల మూడులో. ఈసారి కొండలరావు పట్టుదలకి హద్దు లేదు. సమాజంలో వీరన్న అని వెల్డరున్నాడు. అట్ట గోపురాలు నాకొద్దు అన్నాడు కొండలరావు. వీరన్న ఇనప ముక్కలు తెచ్చి, రిహార్సల్సు చేసే బడి ఆవరణలో నిజమైన గోపురం మెట్లు అతికాడు. మెలికలు తిరుగుతూ పైకి పోతాయి, పైన ఇద్దరు నిలబడే చోటు. పోటీ రోజున విప్పి లారీలో తీసుకెళ్ళి మళ్ళీ బిగించాలి. చూసినవాళ్ళందరూ నోరెళ్ళబెట్టారు. గవర్రాజు మాత్రం కూలబడ్డాడు.

హేమ వేషానికి ఆశాజ్యోతిని పిలిపించారు. ఆవిడ వృత్తి నటి. ఉద్యోగస్తుల సమాజాల్లో మగవాళ్ళు బోలెడుమంది ఉంటారు, ఆడవేషానికి మనిషి ఉండదు. అందుకని ఆశాజ్యోతిలాంటి వాళ్ళు ఒక సమాజం నుంచి ఇంకో సమాజానికి, ఒక పోటీ నుంచి ఇంకో పోటీకి తిరుగుతూనే ఉంటారు. ఈ నాటకం మాటలు ఆ నాటకానికెళ్ళే బస్సులో బట్టీపడతారు. ఒక్కరోజు పిలుపు రాకపోతే ఆ రోజు ఇల్లు గడవడం కష్టం. మొదటి రిహార్సల్లో ఆవిడ రెండు మెట్లెక్కి ఆగింది.

“మాస్టారూ, ఈ మాటలు కిందనుంచి చెప్తే ఇంకా బాగుంటాయేమోనండి,” అంది నవ్వుతూ.

“కాదమ్మా. పైదాకా ఎక్కాల. ఎక్కతా సెప్పాల,” అన్నాడు కొండలరావు.

ఈల మోగింది.

“ఆపండి! వెల్డింగు టెస్టు అవనేదు,” అన్నాడు గవర్రాజు. వీరన్నకి రోషం వచ్చింది. తను, తన తమ్ముడు, తన బావమరిది ముగ్గురూ మెట్లెక్కి గంతులేసి చూపించారు. గవర్రాజు వాళ్ళని కిందనుంచి మూడుసార్లు పట్టుకోబోయాడు. రెండో రోజు పెయింటు తడిగా ఉందన్నాడు. ఆ తడి పెయింటు అతనే పూశాడని తర్వాత తెలిసింది. మూడో రోజు ఒక సంచితో వచ్చాడు.

“ఇదేటి?” అన్నాడు కొండలరావు.

“సేఫ్టీ బెల్టు. ఇది హెల్మెట్టు. హేమకి.”

“జమీందారుగారి పెళ్ళాం హెల్మెట్టెట్టుకుని ఎక్కుతాదా?”

“పూలు కావాలంటే హెల్మెట్టు మీద ఎట్టుకుంటాది. నానేటీ వద్దనను.”

అలా పోటీ రోజొచ్చేదాకా ఆశాజ్యోతి ఒక్కసారి కూడా పైదాకా ఎక్కలేదు. కొండలరావుకి అన్నం సయించడం మానేసింది. నిద్రలో కూడా ఈల వినిపించేది. చివరికి పోటీ రోజున లారీ ఎక్కబోయేముందు చెయ్యి చాపాడు.

“బావా, ఈల ఇచ్చీ.”

గవర్రాజు మెడలోంచి తీసి ఇచ్చాడు. అది లేకపోతే అతని మెడ చూడ్డానికే బోసిగా ఉంది. కొండలరావు దాన్ని లాల్చీ జేబులో వేసుకుని, అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

ద్వారకా నగర్ దగ్గర ఒక కళ్యాణమంటపంలో పోటీలు. సాయంత్రం ‘కెరటం’ వాళ్ళ వంతు వచ్చింది. మూడో అంకంలో గోపురం పైన జమీందారు వేషంలో కొండలరావు, అతని పక్కన గొలుసులతో అన్నగారి వేషంలో వీరన్న. గొలుసు కూడా వీరన్న స్వయంగా చేసుకున్నదే, పది కిలోలు. కింద ఆశాజ్యోతి కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. ఒక్క కొవ్వొత్తి వెలుగు, అంతే. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. హాలు సద్దుమణిగింది. కొండలరావు పైనుంచి చివరి వరస వైపు చూశాడు. పల్లీలవాడి చెయ్యి పొట్లానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. కొండలరావు కళ్ళు చెమర్చాయి.

హేమ రెండో మెట్టు ఎక్కలేదు.

కొవ్వొత్తి మంట వణకడం పైకి కనిపిస్తోంది. ఆహా, ఏం నటన అనుకున్నాడు కొండలరావు. ఇంకాసేపయింది. ఇంకాసేపయింది. అప్పుడు తెర పక్కనుంచి, జీవితంలో మొదటిసారి స్టేజీ దాటకుండా, గవర్రాజు గుసగుస వచ్చింది.

“ఎక్కకమ్మా. నాను రాను, నువ్వే దిగు అని సెప్పీ.”

ఆశాజ్యోతి కాలు వెనక్కి తీసింది. తలెత్తి, గొంతు సవరించుకుంది. “నేను రాను,” అంది. “దాచింది మీరు. దించాల్సింది కూడా మీరే. దిగి రండి.”

కొండలరావు రాసిన నాటకంలో ఆ మాట లేదు. దానికి జవాబూ లేదు. రెండొందల ఏళ్ళుగా హేమ ఎక్కుతూనే ఉంది, ఎవరూ దిగమని అడగలేదు.

“బావా, ఏటి సేద్దాం?” అన్నాడు వీరన్న పెదాలు కదపకుండా.

“దిగుదాం,” అన్నాడు కొండలరావు ఇంకేం తోచక.

దిగడం మొదలుపెట్టారు. ముందు జమీందారు, వెనక గొలుసులతో అన్నగారు. మెలిక మెట్లు. కొండలరావు పంచె తొక్కుకోకుండా ఒకచేత్తో ఎత్తిపట్టుకున్నాడు. గొలుసు మెట్టు మెట్టుకీ ఘల్లుమంటోంది. హేమ కొవ్వొత్తి పైకెత్తి వాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. కొండలరావు నేలమీద కాలు పెట్టి, ఇక తల వంచుకోవడం తప్ప చెయ్యగలిగింది లేక తల వంచుకున్నాడు. చప్పట్లు మొదలైనప్పుడు అవి తమ నాటకానికేనని అతనికి చప్పున తెలియలేదు.

తెర పడగానే మేకప్ గదిలోకి దూకాడు.

“నవల్లో ఆ పిల్ల ఎక్కింది! ఎక్కబట్టే నవలైంది! పన్నెండేళ్ళ నుంచి నా నాటకానికి నువ్వు శనిలా పట్టుకున్నావు బావా. దండమెడతాను, రేపట్నుంచి రాకు,” అన్నాడు.

గవర్రాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “భయమేసింది బావా. నా బుద్దే అంత. తిట్టు. ఇంకా తిట్టు,” అన్నాడు.

“ఆయన్నేం అనకండి మాస్టారూ,” అంది ఆశాజ్యోతి. సగం తుడిచిన రంగుతోనే లేచి నిలబడింది. “ఆ భయం ఆయనది కాదండి. నాది.”

చిన్నప్పుడు డాబా మీంచి పడ్డానని చెప్పింది. అప్పట్నుంచి నాలుగు మెట్లెక్కితే కాళ్ళు చచ్చుపడతాయట. ఈ మధ్య ప్రతి నాటకంలోనూ ఒక మేడో మిద్దో పెడుతున్నారు. ఈ సంగతి ఒక్క సమాజానికి తెలిస్తే తెల్లారేసరికి అన్ని సమాజాలకీ తెలుస్తుంది. ఆ తర్వాత తనని ఎవరూ పిలవరు.

“నేను ఎవరికీ చెప్పలేదండి. మొదటి రోజున నేను మెట్ల పక్క కమ్మీ పట్టుకున్న తీరు చూసి ఆయనే పక్కకొచ్చారు. ‘నువ్వేటీ సెప్పకమ్మా. ఆ భయం నాదనీ సెప్పీస్తాను. నాను భయపడితే ఎవలూ వింతగా సూడరు’ అన్నారు.”

మూలన వైర్లు చుడుతున్న ఉమామహేష్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు. వేషాలు మానేశాక అతను లైట్ల పని చూస్తున్నాడు.

“బావా... కళ్ళజోడు నేకపోతే నాకు నా సెయ్యే కనపడదు. మెట్లేటి కనపడతాయి? ఆ రోజు గవర్రాజు ఆ బల్బులు కట్టుండకపోతే నా నడుం విరిగిపోయుండును,” అన్నాడు.

కొండలరావు నెమ్మదిగా గవర్రాజు వైపు తిరిగాడు. “మరి రేడియో? గంగాభవాని గారు?”

“ఆవిడకి ఆయాసం బావా,” అన్నాడు గవర్రాజు, దొంగతనం బయటపడినవాడిలా. “మాటకీ మాటకీ మద్దెన ఊపిరి తీసుకోవాల కదా. అది రేడియోలో ఇనపడితే బాగోదు. అందుకని నాను నడుత్తా ఉన్నాను.”

“నాతో సెప్పొచ్చు కదా!”

“సెప్తే ఇద్దర్నీ తీసీసుందువు.”

కొండలరావు కాదనడానికి నోరు తెరిచాడు. తీసేసేవాడే. అతనికి సిగ్గేసింది. తను ఇన్నేళ్ళూ లేని హేమ కోసం ఏడుస్తుంటే, గవర్రాజు ఆ వేషంలో ఉన్న మనిషిని చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న అదే హాల్లో నాటకాల మీద సమీక్ష. న్యాయనిర్ణేతల్లో కామేశ్వరి గారని కాలేజీ లెక్చరరు. ఆవిడ ‘కెరటం’ వంతు రాగానే కొండలరావుని వేదిక మీదికి పిలిచింది.

“ఇలాంటి కోట కథలు చాలా చూశాను. ప్రతిదాంట్లోనూ నాయిక కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కుతుంది. మొదటిసారి మీ హేమ ఎక్కనంది. తప్పు చేసినవాణ్ణి కిందికి దింపింది. అద్భుతం. ఈ ఆలోచన మీకెలా వచ్చింది?” అంది.

కొండలరావు నోరు విప్పేలోపు ముందు వరసలోంచి మోహన్ లేచాడు. అతనిది ఇంకో నాటక సమాజం. వచ్చే నెల నాటకానికి ఆశాజ్యోతిని అతను అప్పటికే మాట్లాడుకున్నాడు. అందులో ఆవిడ మేడ మీద నిలబడి పది నిమిషాలు మాట్లాడాలి.

“ఆలోచనేనా గురూగారూ, లేకపోతే హీరోయిన్ గారికి మెట్లెక్కడం రాదా? కొవ్వొత్తి బాగా వణికినట్టుంది!” అన్నాడు నవ్వుతూ.

కొందరు నవ్వారు. మూడో వరసలో ఆశాజ్యోతి చేతిరుమాలు మెలిపెడుతోంది. ఆ పక్కనే గవర్రాజు కుర్చీలోంచి సగం లేచాడు. ఈల ఇంకా కొండలరావు దగ్గరే ఉంది కాబట్టి నోట్లో వేలు పెట్టుకున్నాడు.

ఆ ఆలోచన తనదేనని చెప్పుకుంటే ఎంత గౌరవమో కొండలరావుకి తెలుసు. మోహన్ అనుమానం మాత్రం అలాగే మిగిలిపోతుంది. అతను జమీందారు గొంతు తెచ్చుకుని ఖంగుమన్నాడు.

“ఆశాజ్యోతి గారికేం బాబూ, పరుగెత్తి ఎక్కుతారు. భయం నాది. ఎత్తు మీద నిలబడితే నాకు కళ్ళు తిరుగుతాయి. నిన్న పైన కళ్ళు తేలేశాను. సరిగ్గా అప్పుడే ఆ మహాతల్లి సంగతి కనిపెట్టి, నేను పడిపోకుండా దిగి రమ్మంది. కొవ్వొత్తి వణికింది నా మొహం చూసి. లేకపోతే ఇవాళ మీరు నాటకం బదులు నా గురించి సంతాపం చెప్పుకునేవారు.”

హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. “జమీందారుకే భయమా!” అని మోహన్ కూడా నవ్వాడు.

“నీ నాటకంలో నువ్వు కూడా ఆ మేడ మీదే ఉంటావట కదా? నీ మోకాళ్ళ సంగతి చూసుకో. నా మాట విని సీను కిందికి దింపీ,” అన్నాడు కొండలరావు.

మోహన్ నవ్వు సగంలో ఆగింది. అతని మోకాళ్ళ నొప్పుల సంగతి అతనికి తెలుసు. ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆశాజ్యోతి రుమాలు ఒళ్ళో జారవిడిచింది.

పోర్టులో, మల్కాపురంలో, రేపట్నుంచి తనని ఎవరెవరు ఏమని పిలుస్తారో లెక్క వేసుకుంటూ కొండలరావు వేదిక దిగబోయాడు. అప్పటికే అక్కడ మెట్ల కింద గవర్రాజు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు.

“ఏటి బావా, నువ్వు కూడానా? అబద్దమని నీకు తెలీదా?” అన్నాడు కొండలరావు చిన్నగా.

“తెల్సు బావా,” అన్నాడు గవర్రాజు. “అయినా ఎందుకైనా మంచిది. సెయ్యి ఇలా ఇయ్యి.”

అంతమంది చూస్తుండగా కొండలరావు చెయ్యిచ్చాడు. ఒక్కొక్క మెట్టూ నెమ్మదిగా దిగాడు.